తీగల గదిలో ఆడగొంతు

ఆ ఆసుపత్రిలో నేలమాళిగకి దిగే మెట్లు పద్దెనిమిది. పగలైతే ఎవరైనా దిగుతారు. పొద్దుపోయాక మాత్రం ఆ మెట్లు దిగి, ఎడమకి తిరిగి, నడవా చివరిదాకా వెళ్ళమంటే — ఎవరికైనా సరిగ్గా అప్పుడే ఇంకో పని గుర్తొస్తుంది.

ఆ చివర ఉంది తీగల గది.

ఒకప్పుడు అది మాసిన దుప్పట్లు పోగేసే గది. తర్వాత ఆసుపత్రిలోని కంప్యూటర్ల తీగలన్నీ తెచ్చి అందులో కలిపారు. ఈ కథ జరిగేనాటికి దానికి చెడ్డపేరు వచ్చి ఎనిమిది నెలలైంది, అంతే.

మొదట విన్నది వాచ్‌మన్. రాత్రి రెండింటికి తాళాలు చూసుకుంటూ వెళ్తే, తాళం వేసున్న గదిలో ఆడమనిషి మూలుగు వినిపించిందట. తలుపు తీసి చూశాడు. ఎవరూ లేరు... మూలుగు మాత్రం ఆగలేదు.

నెల తిరక్కుండా, కుళాయిలు బాగుచేసే అతను అదే గదిలో పసిబిడ్డ ఏడుపు విన్నాడు. పానాల సంచి అక్కడే వదిలేసి పైకొచ్చాడు. ఆ సంచి అక్కడే ఉండిపోయింది. ఆయన కొత్త పానాలు కొనుక్కున్నాడు గానీ, దాన్ని తెచ్చుకోవడానికి పగలు కూడా దిగలేదు.

బిడ్డని వెతుక్కునే తల్లి అని కొందరన్నారు. కాదు, ఇద్దరూ ఒకేసారి పోయారని ఇంకొందరన్నారు. ఎవరి ఓపికని బట్టి వాళ్ళు కథకి కాళ్ళూ చేతులూ పెట్టారు.

ఆ గదిలో పనిచేయక తప్పని మనిషి ఒక్కడే ఉన్నాడు. అందరూ ఆయన్ని నెట్టాయన అంటారు. కంప్యూటర్ నెట్‌వర్క్ చూసే ఆయన కాబట్టి ఆ పేరు. కొత్తగా చేరిన ఒక డాక్టరు ఆ పేరు విని, ట్రాలీలు నెట్టేది ఈయనే కాబోలనుకుని, రెండుసార్లు రోగిని ఎక్స్‌రేకి తీసుకెళ్ళమన్నాడు. కాదనడానికి మొహమాటమేసి, నెట్టాయన రెండుసార్లూ నెట్టుకెళ్ళాడు.

అంతటి ధైర్యశాలి. ఈ మాట నాది కాదు, ఆయనదే. ఈ కథంతా కూడా, చాలా ఏళ్ళ తర్వాత, తన పరువు తనే తీసుకుంటూ ఆయన చెప్పిందే.

అయితే క్యాంటీన్‌లో కూర్చున్నప్పుడు మాత్రం ఆయన తీరు వేరు. దెయ్యం లేదు, గియ్యం లేదు, అదంతా చదువుకోనివాళ్ళ భయం అనేవాడు. ఆ గదిలో ఎన్ని రాత్రులు పనిచేశాను, నాకెందుకు వినపడలేదు అని అడిగేవాడు. నిజమే, వినపడలేదు. ఎందుకంటే ఆయన రెండు చెవుల్లోనూ పాటలు పెట్టుకుని పనిచేసే మనిషి. ఆ సంగతి క్యాంటీన్‌లో చెప్పలేదు.

ఇక ఆ గదిలో చేసే పనేమిటో కాస్త చెప్పాలి.

అక్కడ రెండు పెద్ద స్విచ్చులున్నాయి. దీపం వేసే స్విచ్చులు కావు. ఒక్కోటి సూట్‌కేసంత ఇనుప పెట్టె. దాని మొహం నిండా వరసగా తీగలు గుచ్చి ఉంటాయి, ఒక్కో తీగ పక్కనా ఆవగింజంత పచ్చదీపం. ఆసుపత్రిలో ప్రతి వార్డు నుంచీ రెండేసి తీగలు దిగుతాయి — ఒకటి పై పెట్టెకి, ఒకటి కింది పెట్టెకి. ఒక బరువుని ఇద్దరు మోస్తున్నట్టన్నమాట. ఒకడు కాసేపు భుజం తప్పించినా రెండోవాడు మోస్తూనే ఉంటాడు.

ఆ పెట్టెల్లోని సాఫ్ట్‌వేర్‌ని ఏడాదికోసారైనా కొత్తది చెయ్యాలి. చెయ్యాలంటే పెట్టెని ఆర్పి లేపాలి. అందుకని ముందు బరువంతా కింది పెట్టె మీదికి మళ్ళించి, పైదాన్ని ఆర్పి, అది లేచాక దాని మీదికి బరువు మార్చి, అప్పుడు కింది దాన్ని ఆర్పాలి. ఇంత జరిగినా పైన ఎవరికీ తెలియకూడదు. నర్సు ముందున్న తెర మీద ఒక్క గుండె గీత కూడా ఆగకూడదు. పారే నీళ్ళని ఆపకుండా గొట్టం మార్చడం లాంటి పని.

కిందటేడు నెట్టాయన ఇదే పని చేశాడు. పై పెట్టె పూర్తిగా లేవకముందే, లేచిందిలే అనుకుని, కింది దాన్ని ఆర్పేశాడు.

నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాల పాటు ఆసుపత్రిలో తెరలన్నీ నల్లబడ్డాయి. నర్సులు మంచానికొకరు చొప్పున పరుగెత్తి, చేత్తో నాడి పట్టుకుని కూర్చున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ నాలుగు నిమిషాల్లో మెట్ల మీద నర్సుల పరుగులు మాత్రం నెట్టాయన చెవుల్లోంచి పోలేదు.

సూపరింటెండెంట్ కేకలు వేయలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఇంకోసారి ఒక్క సెకను ఆగినా మీరు మళ్ళీ రానక్కర్లేదని చెప్పాడు. పని అయ్యాక ప్రతి వార్డు ఇన్‌చార్జి దగ్గరా 'అంతరాయం లేదు' అని సంతకం తెచ్చివ్వాలని ఒక కాగితం కూడా తయారుచేయించాడు.

ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఒక శనివారం రాత్రి ఒంటిగంటకి, నెట్టాయన ఆ పద్దెనిమిది మెట్లూ దిగాడు.

ఆ రాత్రి చెవుల్లో పాటల్లేవు. ఆసుపత్రి కంప్యూటర్లు చూసే కంపెనీలోనే ఆయనా, ఆయన బావమరిదీ పనిచేస్తారు. ఆ కుర్రాడు ఇంట్లో కూర్చుని తన తెర మీద ఏదైనా ఆగుతుందేమో చూస్తూ, ఫోన్లో తోడుండాలని ఏర్పాటు. నేలమాళిగలో సిగ్నల్ ఒక్క గీతే వస్తుంది. ఫోన్ని పెట్టెల పైన, గోడకి ఆనించి, స్పీకర్లో పెట్టాడు.

ఒకటీ నలభైకి బరువు కింది పెట్టె మీదికి మళ్ళింది. బావమరిది చూసి, అంతా బాగుందన్నాడు. నెట్టాయన పై పెట్టెని ఆర్పాడు.

పచ్చదీపాలన్నీ ఒక్కసారిగా పోయాయి. లేవడానికి పన్నెండు నిమిషాలు.

నెట్టాయనకి పనిచేసేటప్పుడు తనలో తను మాట్లాడుకునే అలవాటుంది. తనలో తను అనుకునేది ఆయనొక్కడే. చెవుల్లో పాటలు పెట్టుకుని మాట్లాడే వాళ్ళ గొంతు ఎంతుంటుందో తెలుసుగా... పాటల్లేకపోయినా ఆ అలవాటే.

"ఇది పోయింది," అన్నాడు గట్టిగా. "అదింకా బతికే ఉంది. ఇది లేచాక దాన్ని చంపాలి."

మూడు నిమిషాలు... నాలుగు... గదిలో ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు.

"బావా," అన్నాడు ఫోన్లో బావమరిది.

"ఊఁ."

"నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరుంటారు? నేనొక్కణ్ణే."

ఆ కుర్రాడు చాలా నెమ్మదిగా అడిగాడు.

"మరి... ఆ మూలిగేది ఎవరు?"

అంతే. ఆ ఒక్క గీత సిగ్నలూ పోయింది.

నెట్టాయన కదల్లేదు. చెవులు రిక్కించాడు. ఫ్యాన్ల హోరు... ఆ హోరు కింద, ఎక్కడో గోడ లోపల... సన్నగా, సాగదీసినట్టు... ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ —

ఆడమనిషి మూలుగు.

పారిపోవాలని ఒళ్ళంతా అంటోంది. కానీ పై పెట్టె ఆరి ఉంది. కింది పెట్టె ఒక్కటే ఆసుపత్రినంతా మోస్తోంది. ఇప్పుడు దానికేమైనా అయితే పట్టించుకునే నాథుడు లేడు. అలాగని ఆయన బాధ్యత కొద్దీ ఆగాడని మనం పొగడక్కర్లేదు. పరుగెత్తడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు, అందుకే నిలబడ్డానని ఆయనే చెప్పాడు.

చేసేదేమీ లేక పై పెట్టె మీద చెయ్యి వేసి బతిమాలడం మొదలుపెట్టాడు.

"రా తల్లీ... రా... తొందరగా వచ్చెయ్యి తల్లీ..."

పన్నెండో నిమిషాన పై పెట్టె మూలన ఒక దీపం వెలిగింది. పచ్చది. లేచింది.

ఇక ఆయనకి ఒకటే ఆలోచన. బరువు దీని మీదికి తోసెయ్యాలి, కింది దాన్ని ఆర్పెయ్యాలి, లేపెయ్యాలి, ఈ గదిలోంచి బయటపడాలి. ల్యాప్‌టాప్‌లో చకచకా టైపు చేశాడు. మీట మీదికి వేలు తెచ్చాడు —

"ఆగు..."

వేలు గాల్లో ఆగిపోయింది.

"తొందరపడకు..." గోడలోంచి. ఇనుములోంచి వచ్చినట్టు, లోతుగా. మూలిగే గొంతు కాదు. ఇంకో గొంతు. పెద్దావిడది. "ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు..."

ఆయన తల తిప్పి పై పెట్టె వైపు చూశాడు.

నలభై ఎనిమిది తీగలు. దీపాలు ఎన్ని వెలిగాయో లెక్కపెట్టాడు. పంతొమ్మిది. కొత్త సాఫ్ట్‌వేర్ తీగల్ని ఒక్కొక్కటే పలకరిస్తూ తీరిగ్గా తెరుస్తోంది. ఇరవై తొమ్మిది తీగలు ఇంకా చీకట్లోనే ఉన్నాయి. తెరుచుకోలేదు.

మీట నొక్కి ఉంటే... సగానికి పైగా ఆసుపత్రి ఆగిపోయేది. కిందటేటి తప్పే, అదే చేత్తో, అదే గదిలో.

నెట్టాయన రెండు చేతులూ జోడించి గోడకి దణ్ణం పెట్టాడు.

"అలాగేనమ్మా," అన్నాడు. "ఆగుతానమ్మా."

ఇరవై మూడు... ముప్ఫై... ముప్ఫై ఆరు. దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. గోడలో మూలుగు దగ్గరదగ్గరగా వస్తోంది. చెమట కళ్ళల్లోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి రాలేదు.

నలభై ఎనిమిది.

అప్పుడు గోడ పలికింది. "ఇక కానియ్... ఇప్పుడు..."

దెయ్యం ఒప్పుకున్నాక ఇక తిరుగేముంది. బరువు పై పెట్టెకి మార్చాడు, కింది దాన్ని ఆర్పాడు.

మళ్ళీ పన్నెండు నిమిషాలు.

ఆ పన్నెండు నిమిషాలూ ఆయన నేల మీద కూర్చుని, కింది పెట్టెని కౌగిలించుకున్నంత పని చేశాడు. గోడలో మూలుగు అరుపైంది. అరుపు ఆగి ఏడుపైంది. ఇక నావల్ల కాదు, నావల్ల కాదు అని ఆ ఆడగొంతు మాటలు కూడా తెలుస్తున్నాయి. నెట్టాయన కళ్ళు గట్టిగా మూసుకుని గొంతెత్తి మాట్లాడసాగాడు. పెట్టెతోనో, దెయ్యంతోనో, తనతోనో — ఆయనకే తెలియదు.

"భయం లేదు తల్లీ... నేనిక్కడే ఉన్నాను... ఎక్కడికీ పోను... అయిపోయింది, ఇంకొక్క నిమిషం... వచ్చేస్తుంది తల్లీ..."

ఒక్క కేక. గోడని చీల్చుకుని వచ్చినట్టు.

తర్వాత... ఏమీ లేదు. ఫ్యాన్ల హోరు కూడా ఆగినట్టనిపించింది.

ఆ నిశ్శబ్దంలోంచి, గోడ లోపల, తెరలు తెరలుగా — పసిబిడ్డ ఏడుపు.

కింది పెట్టె మీద దీపాలు వెలగడం మొదలైంది. ఆయన వాటిని ఎలా లెక్కపెట్టాడో ఆయనకే గుర్తులేదు. నలభై ఎనిమిదీ వెలిగాకనే లేచాడని మాత్రం చెప్పాడు. లేచి ఫోను అందుకున్నాక ఇక వెనక్కి చూడలేదు. పద్దెనిమిది మెట్లూ అయిదు అంగల్లో ఎక్కాడు. ల్యాప్‌టాప్ అక్కడే వదిలేశాడు, కుళాయిలాయన పానాల సంచి పక్కన. ఒక చెప్పు కూడా.

పైకి రాగానే ఫోను మోగింది. బావమరిది. లెక్కంతా చూశాను బావా, ఒక్క క్షణం కూడా ఎక్కడా ఆగలేదని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆ ఆడమనిషి విషయం అక్కకి తను చెప్పాలా, బావే చెప్పుకుంటాడా అని అడిగాడు. నెట్టాయన ఫోను పెట్టేశాడు.

తెల్లవారుజామున అయిదింటికి, వాచ్‌మన్ దగ్గర అరువు తెచ్చుకున్న చెప్పులతో, సంతకాల కాగితం పట్టుకుని వార్డులన్నీ తిరిగాడు. ఎవరినడిగినా ఏమీ ఆగలేదన్నారు. కొందరైతే రాత్రి పని జరిగిందా అని ఆశ్చర్యపోయారు. చివరికి మిగిలింది మూడో అంతస్తులో కాన్పుల వార్డు. పాత భవనంలో మరమ్మతులు మొదలై, ఆ వార్డుని ఈ అంతస్తుకి మార్చి ఎనిమిది నెలలైంది.

ఇన్‌చార్జి సిస్టరమ్మ బల్ల దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటోంది. జుట్టు నెరిసిన మనిషి. నెట్టాయన కాగితం చాపాడు.

ఆవిడ తలెత్తలేదు. "ఆగు," అంది. "తొందరపడకు."

నెట్టాయన పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ గొంతే. లోతుగా, నెమ్మదిగా... ఆ గొంతే. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, నోటికొచ్చింది అన్నాడు.

"పర్లేదమ్మా... నేనిక్కడే ఉన్నాను. ఎక్కడికీ పోను."

వెనకాల పెద్ద చప్పుడు. వేడినీళ్ళ జగ్గు పట్టుకుని వస్తున్న ఆయా దాన్ని నేల మీద వదిలేసి, రెండడుగులు వెనక్కి వేసింది. వేలు ఆయన వైపే ఉంది.

"సిస్టరమ్మా," అంది గుసగుసగా. "ఇదే... గోడలో మగదెయ్యం గొంతు ఇదే."

సిస్టరమ్మ అప్పుడు తలెత్తింది. ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. లేచి, రమ్మని సైగ చేసి, పక్కనున్న సామాన్ల గదిలోకి తీసుకెళ్ళింది. ఒక బీరువాని గోడకి అడ్డంగా నిలబెట్టి ఉంది. దాన్ని పక్కకి జరిపితే, వెనకాల ఒక ఇనుప మూత. పూర్వం మాసిన దుప్పట్లని కిందికి జారవిడిచే గొట్టం. అది గోడ లోపలే మూడంతస్తులూ దిగి, నేలమాళిగలో, సరిగ్గా తీగల గది గోడ వెనక తేలుతుంది. అక్కడ దాని నోటికి పల్చటి చెక్క ఒకటి కొట్టి, రంగు వేసేశారు.

రెండు వైపులా సంగతులు కలుపుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పూర్తిగా తెరుచుకోలేదన్నది నొప్పులు పడుతున్న అమ్మాయి గురించి. కిందివాళ్ళు వినేది కాన్పుల్ని. ఇక పైవాళ్ళ భయం చూడండి — కాన్పుల వార్డు గోడలో రెణ్ణెల్లకోసారి, ఈయన ఏ తీగో మార్చడానికి దిగినప్పుడల్లా, ఒక మగగొంతు వచ్చి, ఒకటి పోయింది, అదింకా బతికే ఉంది, దాన్ని చంపాలి అంటుంటే, ఆయాలు రాత్రి డ్యూటీకి ఎందుకు వస్తారు? ఆ బీరువాని అడ్డం పెట్టింది వాళ్ళేనట.

నెట్టాయన పెట్టెల సంగతి చెప్పాడు. ఆయా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సిస్టరమ్మ భుజాలు అదిరాయి. నెట్టాయనకి అప్పుడే సోమవారం క్యాంటీన్ కళ్ళముందు కనిపించింది. దెయ్యాన్ని పట్టుకున్నాను అని మొదలుపెట్టాలి. ఆ దెయ్యం నేనే అని ముగించాలి. ఎవరి చేతిలోనూ టీ నిలవకూడదు.

ముగ్గురూ అలా నవ్వు ఆపుకుంటూ వార్డులోకి వచ్చేసరికి, కిటికీ పక్క మంచం మీద ఒక అమ్మాయి భర్తతో మాట్లాడుతోంది. రాత్రి పుట్టిన పాప ఆమె చంకలో నిద్రపోతోంది. నీరసంగా, ఆగి ఆగి చెబుతోంది.

"నాన్నొచ్చాడు," అంటోంది.

భర్త ఆమె తల నిమిరి, పడుకో అన్నాడు. మీ నాన్న పోయి ఏడాదైంది కదా అని మాత్రం అనలేదు.

"నిజంగా... ఇక నావల్ల కాదనుకున్నాను. వదిలేద్దామనుకున్నాను. అప్పుడు గోడలోంచి వినపడింది. భయం లేదు తల్లీ, నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను అని. తల్లీ అని నన్ను ఆయనొక్కడే పిలిచేవాడు." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగినా మొహం నవ్వుతోంది. "ఆ మాట విన్నాకే నాకు బలమొచ్చింది."

ఆయా ఏదో అనబోయింది. సిస్టరమ్మ చెయ్యి ఆమె మోచేతిని పట్టుకుంది.

ఆ అమ్మాయి వీళ్ళని చూసింది. అరువు చెప్పులతో, చెమట మరకల చొక్కాతో, చేతిలో కాగితంతో నిలబడ్డ మనిషిని చూసి, ఎవరాయన అని అడిగింది. కంప్యూటర్ల పని చేసే ఆయన, సంతకం కోసం వచ్చాడని సిస్టరమ్మ చెప్పింది.

"మా పాపని చూస్తారా?" అందా అమ్మాయి. అందరికీ చూపించుకోవాలన్న సంబరంలో ఉంది.

ఆయన దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. గుప్పెడంత మొహం, మూసుకున్న పిడికిళ్ళు.

"రాత్రి మీరు కూడా ఇక్కడే ఉన్నారా? మీకూ వినపడిందా, మా నాన్న గొంతు?"

నెట్టాయన సిస్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ కాగితం మీద సంతకం పెడుతూ, తలెత్తకుండానే జవాబిచ్చింది.

"ఆయన్ని అడగకమ్మా. రాత్రంతా చల్లటి గదిలో పనిచేసి గొంతు పోయింది. మాట్లాడలేడు."

నెట్టాయన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, అవునని తలూపాడు. ఆ క్షణంలో మాట్లాడమన్నా ఆయనకి మాట వచ్చేది కాదు.